వైద్య, నర్సింగ్ శిక్షణలో పాజిటివ్ సైకాలజీ: తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హనుమకొండ, కరీంనగర్, మహబూబాబాద్, మంచిర్యాల వంటి చోట్ల వైద్య, నర్సింగ్ కళాశాలల్లో పాఠాలు చెప్పేవారి కోసం, అక్కడ చదువుకుంటున్నవారి కోసం ఈ ప్రశ్నలూ జవాబులూ సిద్ధం చేశాము. అధ్యాపకుల శిక్షణ తరగతుల్లో ఎక్కువగా వినిపించే ప్రశ్నలనే తీసుకున్నాము. కొన్నింటికి జవాబు రెండు వాక్యాల్లో తేలిపోతుంది, కొన్నింటికి తేలదు.

పాజిటివ్ సైకాలజీ అంటే ఏమిటి?

మనస్తత్వశాస్త్రం చాలా కాలం పాటు ప్రధానంగా జబ్బు మీదే, అంటే కుంగుబాటు, ఆందోళన వంటి వాటిని గుర్తించి తగ్గించడం మీదే దృష్టి పెట్టింది. మనిషి బాగున్నప్పుడు ఎందువల్ల బాగున్నాడు, ఒకే రకమైన కష్టంలో ఉన్న ఇద్దరిలో ఒకరు పని మీద మనసు ఎలా నిలుపుకోగలుగుతున్నారు అన్న ప్రశ్నలను కూడా అంతే శాస్త్రీయంగా పరిశీలించాలని, 1998లో అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అధ్యక్షుడిగా ఉన్న మార్టిన్ సెలిగ్‌మన్ ప్రతిపాదించారు. 2000లో ఆయన మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయితో కలిసి రాసిన వ్యాసంతో ఈ శాఖకు ఒక రూపం వచ్చింది. 2011లో సెలిగ్‌మన్ మనిషి క్షేమాన్ని ఐదు అంశాలుగా వివరించారు. మంచి భావోద్వేగాలు, పనిలో లీనం కావడం, మనుషులతో సంబంధాలు, చేస్తున్న పనికి ఒక అర్థం ఉందన్న నమ్మకం, ఏదో సాధించామన్న తృప్తి అన్నవి ఆ ఐదు. ఆసుపత్రి పనిలో మొదటిది కరువైన రోజున కూడా మిగిలిన నాలుగూ ఉండే అవకాశం ఉంది కాబట్టే, ఈ చట్రం వైద్య శిక్షణకు పనికొస్తుందని మా అభిప్రాయం.

ఎప్పుడూ నవ్వుతూ ఉండమని చెప్పడమేనా ఇది?

కాదు. క్యాజువాలిటీలో ఒక పసిబిడ్డ చనిపోయిన రాత్రి హౌస్ సర్జన్‌ను నవ్వమని చెప్పే శిక్షణ ఏదైనా ఉంటే, దానిని ఆ రోజే ఆపివేయాలి. బాధను బాధగా గుర్తించడం ఈ శాస్త్రానికి విరుద్ధం కాదు. బాధను దాచుకోమని చెప్పేవారు దీని పేరు వాడుకోవడం మాత్రం తరచుగా జరుగుతున్నది.

వైద్య విద్యార్థులకు ఇది ప్రత్యేకంగా ఎందుకు అవసరం?

వైద్యవిద్యలో మనిషి గట్టిపడతాడని అందరూ అంటారు. కానీ ఆ గట్టిపడటంలో ఏం పోతున్నదో కొలిచి చూసినవారు కొద్దిమందే. ఫిలడెల్ఫియాలోని జెఫర్సన్ వైద్య కళాశాలకు చెందిన హోజత్ బృందం 2009లో ప్రచురించిన అధ్యయనంలో, విద్యార్థుల సహానుభూతి మొదటి రెండేళ్లు దాదాపు నిలకడగా ఉండి, మూడో ఏడాదిలో గణనీయంగా పడిపోయింది. అక్కడ మూడో ఏడాది అంటే విద్యార్థి పూర్తిస్థాయిలో వార్డులోకి అడుగుపెట్టే ఏడాది. రోగులకు దగ్గరయ్యే కాలంలోనే రోగి పట్ల స్పందన తగ్గడం వైద్యవిద్య గురించి ఆలోచించేవారిని కలవరపెట్టవలసిన విషయం.

మన దేశంలో జాతీయ వైద్య కమిషన్ నియమించిన కార్యదళం 2024లో ఇచ్చిన నివేదిక మరో కోణం చూపిస్తుంది. ఆన్‌లైన్ సర్వేలో పాల్గొన్న ఎంబీబీఎస్ విద్యార్థుల్లో 27.8 శాతం మంది, పీజీ విద్యార్థుల్లో 15.3 శాతం మంది తమకు మానసిక ఆరోగ్య సమస్య ఉన్నట్టు నిర్ధారణ అయిందని చెప్పారు. స్వచ్ఛందంగా జవాబు ఇచ్చినవారి లెక్క ఇది కాబట్టి దేశంలోని విద్యార్థులందరికీ యథాతథంగా వర్తింపజేయలేము. అయినా పట్టించుకోకుండా వదిలేయదగిన అంకెలు కావు.

వరంగల్ వంటి చోట దీనికి స్థానికమైన కారణాలు కూడా తోడవుతాయి. మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రికి, అంటే అందరూ ఎంజీఎం అనే ఆసుపత్రికి, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి రోగులు చివరి ఆశగా వస్తారు. జబ్బు ముదిరాక వచ్చినవారికి తొలి గంటల్లో సేవ చేసేది ఎక్కువగా ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ల పిల్లలే. తాము ఎంత చేసినా మనిషి దక్కని అనుభవం వారికి వృత్తి తొలినాళ్లలోనే, పదేపదే ఎదురవుతుంది. దానితో ఏం చేసుకోవాలో ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు.

పాఠ్యప్రణాళికలో దీనికి చోటు ఎక్కడుంది?

ఈ పేరుతో ప్రత్యేక సబ్జెక్టు లేదు, ఉండాలని కూడా మేము అనుకోవడం లేదు. 2019 నుంచి అమలైన సామర్థ్య ఆధారిత ఎంబీబీఎస్ ప్రణాళికలో ఫౌండేషన్ కోర్సు ఉంది. వైఖరి, నైతికత, సంభాషణలకు సంబంధించి ‘ఎట్‌కామ్’ అని పిలిచే మాడ్యూలు కోర్సు పొడవునా నడుస్తుంది. కాకతీయ వైద్య కళాశాల మొదలు ఇటీవల జిల్లాల్లో ప్రారంభమైన కళాశాలల వరకు, కాళోజీ నారాయణరావు ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం పరిధిలోని వైద్య కళాశాలలన్నింటికీ ఈ రెండు అవకాశాలూ ఉన్నాయి. ఫౌండేషన్ కోర్సులో ఒక అతిథి ఉపన్యాసం పెట్టించి, ఫోటో దిగి, ఆ పని అయిపోయిందనుకోవడం మాత్రం దండగ. మొదటి ఏడాది విద్యార్థి ఇంకా వార్డు పనిలోకి దిగనే లేదు. అతనికి అప్పుడు చెప్పిన మాట మూడేళ్ల తర్వాత మెడిసిన్ వార్డులో గుర్తుండదు. కాబట్టి ఎట్‌కామ్ చర్చల్లోనూ, క్లినికల్ పోస్టింగుల్లోనూ, హౌస్ సర్జన్సీలోనూ కొద్దికొద్దిగా కలపడమే మేలు.

‘మూడు మంచి విషయాలు’ అనే అభ్యాసం ఎలా చేయించాలి?

రాత్రి పడుకునే ముందు, ఆ రోజు సవ్యంగా జరిగిన మూడు విషయాలనూ, ఒక్కొక్కటి ఎందువల్ల అలా జరిగిందో అన్నదానినీ వారం రోజుల పాటు రాయడమే ఈ అభ్యాసం. సెలిగ్‌మన్, స్టీన్, పార్క్, పీటర్సన్‌లు 2005లో ప్రచురించిన అధ్యయనంలో ఇలా రాసినవారిలో సంతోషం పెరగడం, కుంగుబాటు లక్షణాలు తగ్గడం ఆరు నెలల వరకూ కనిపించింది. వారం గడిచాక కూడా సొంతంగా కొనసాగించినవారికే ఎక్కువ మేలు జరిగింది. అయితే ఇంటర్నెట్ ద్వారా తామే ముందుకొచ్చినవారి మీద జరిగిన అధ్యయనం అది. హాజరు కోసం కూర్చున్న విద్యార్థి మీద కూడా అంతే పనిచేస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

చేయించేటప్పుడు ‘ఎందువల్ల’ అన్న రెండో భాగాన్ని వదిలేయకూడదు. చాలా కళాశాలల్లో దానినే వదిలేస్తున్నారు. ఉదాహరణకు ఒక నర్సింగ్ విద్యార్థిని “ఈ రోజు ఐవీ లైను మొదటిసారికే దొరికింది” అని రాసి ఊరుకుంటే, అది అదృష్టం ఖాతాలోకి వెళ్లిపోతుంది. “సిస్టర్ చెప్పినట్టు ముందు చెయ్యి కిందికి వేలాడదీయించి, తొందరపడకుండా నరం వెతికాను” అని రాసినప్పుడు మాత్రం, అందులో తాను నేర్చుకున్న పద్ధతి, నేర్పిన మనిషి ఇద్దరూ కనిపిస్తారు. రేపు మళ్లీ చేయగలనన్న నమ్మకం అక్కడి నుంచి వస్తుంది. సవ్యంగా జరిగినది పెద్దదే కానక్కరలేదు. ఒక ముసలమ్మ ఇంటికి వెళుతూ “సల్లగుండు బిడ్డా” అన్నదని రాసినా చాలు.

భాష విషయంలో పట్టుదల వద్దు. ఇంట్లో ఏ భాష మాట్లాడతారో ఆ భాషలోనే రాసుకోనివ్వాలి. తెలంగాణ యాసలో రాసినా, లంబాడీ మాటలు కలిసినా, ఎవరూ దిద్దకూడదు. అసలు ఆ పుస్తకాన్ని అధ్యాపకులు చూడనే కూడదు.

బలాలను గుర్తించడం అంటే ఏమిటి? అది ఆత్మస్తుతి కాదా?

పీటర్సన్, సెలిగ్‌మన్‌లు 2004లో మనిషి స్వభావంలోని బలాలను 24గా గుర్తించి, వాటిని ఆరు సద్గుణాల కింద వర్గీకరించారు. కుతూహలం, ధైర్యం, దయ, న్యాయబుద్ధి, క్షమ, హాస్యం, కృతజ్ఞత వంటివి అందులో ఉన్నాయి. తనలో ముందుగా కనిపించే కొన్ని బలాలను తెలుసుకొని, వాటిని రోజువారీ పనిలో కొత్త విధంగా వాడి చూడమనడం ఇక్కడి అభ్యాసం.

మన దగ్గర తన గొప్ప తాను చెప్పుకోవడానికి పిల్లలు సిగ్గుపడతారు. అది లోపం కాదు. అందుకే తన బలాన్ని తాను చెప్పడం కాకుండా, పక్కవారి బలాన్ని ఒక సంఘటనతో సహా చెప్పించడం ఇక్కడ బాగా కుదురుతుంది. అఖిల భారత కోటాలో వచ్చిన రాజస్థాన్ విద్యార్థికి “పానం బాగలేదు”, “కాళ్లు గుంజుతున్నయి” అన్న మాటలు అర్థం కావు. అతని పక్కన నిలబడి ప్రతి రోగి మాటనూ ఓపికగా చెప్పిన ములుగు అమ్మాయికి, తాను చేసిన పనిలో ఒక బలం ఉందని తట్టదు. అది నలుగురిలో వినిపించినప్పుడు ఆమెకే కాదు, విన్నవారికి కూడా జట్టులో పని అంటే ఏమిటో తెలుస్తుంది. ప్రశ్నావళి నింపి వచ్చిన జాబితాను గోడకు అంటించడం కంటే ఇది మేలు.

అధ్యాపకులు స్వయంగా మార్చుకోవలసింది ఏదైనా ఉందా?

ఉంది. నిజానికి ఈ పేజీలో ముఖ్యమైన ప్రశ్న ఇదే. విద్యార్థుల కోసం ఎన్ని అభ్యాసాలు పెట్టినా, ఉదయం రౌండ్స్‌లో రోగి మంచం పక్కన పదిమంది ముందు “నీకు సీటెవరిచ్చారు” అని అడిగే అలవాటు పోకపోతే అవన్నీ వృథా. అలా తిడితేనే నేర్చుకుంటారని నమ్మేవారు ఇంకా ఉన్నారు. వారు కూడా అలాగే నేర్చుకున్నారు కాబట్టి ఆ నమ్మకం అర్థం చేసుకోదగినదే. అయితే అవమానపడిన విద్యార్థి మరునాడు ఎక్కువ చదివి రావచ్చు గానీ, తెలియనిదాన్ని తెలియదని చెప్పడం మానేస్తాడు. చూడని నాడిని చూశానని చెబుతాడు. ఆ నష్టం రోగికి జరుగుతుంది.

మనసు కొంచెం తేలికగా ఉన్నప్పుడు వైద్యుడి ఆలోచన ఎలా ఉంటుందో ఎస్ట్రాడా, ఐసెన్, యంగ్‌లు 1997లో ప్రచురించిన ప్రయోగంలో పరిశీలించారు. కొందరు వైద్యులకు ముందుగా ఒక చిన్న మిఠాయి పొట్లం ఇచ్చి, ఆ తర్వాత కాలేయ వ్యాధి ఉన్న ఒక రోగి వివరాలు ఇచ్చి, ఆలోచిస్తున్నదంతా పైకి చెప్పమన్నారు. పొట్లం అందుకున్నవారు సరైన దిశను ముందుగా పట్టుకున్నారు, మొదట తట్టిన ఊహకే అతుక్కుపోవడం కూడా వారిలో తక్కువగా ఉంది. చిన్న ప్రయోగం కాబట్టి దీని మీద మేడలు కట్టలేము. కానీ భయపెడితే బుర్ర పదునెక్కుతుందన్న వాదనకు ఇది ఎంతమాత్రం బలం ఇవ్వదు.

రౌండ్స్‌లో చేయగలిగిన మార్పు చాలా చిన్నది. కేసు చెప్పడం పూర్తయ్యాక ముందు విద్యార్థి సరిగా చేసినది ఏదో నిర్దిష్టంగా చెప్పాలి. “బాగుంది” అన్న ఒక్క మాట సరిపోదు. “రోగి ఎడ్లబండి తోలుతాడని అడిగి తెలుసుకున్నావు చూడు, నడుము నొప్పికి అది ముఖ్యం” అనాలి. తర్వాత వదిలేసింది ఏదో అంతే నిర్దిష్టంగా, రోగి వినకుండా చెప్పాలి. తప్పును చెప్పకుండా దాటవేయమని ఎవరూ అనడం లేదు. మందు మోతాదు తప్పితే అక్కడికక్కడే ఆపాలి, గట్టిగానే ఆపాలి.

విభాగం మొత్తాన్ని మార్చాలనుకుంటే, 1987లో కూపర్‌రైడర్, శ్రీవాస్తవలు ప్రతిపాదించిన ‘అప్రీషియేటివ్ ఇంక్వైరీ’ పద్ధతి ఉపయోగపడుతుంది. ఎక్కడ చెడింది అని మొదలుపెట్టకుండా, ఎప్పుడు బాగా జరిగింది, అప్పుడు ఏమేం ఉన్నాయి అని అడిగి, దాన్ని మళ్లీ జరిగేలా చూడటం ఇందులోని విధానం. అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయ వైద్య కళాశాల 2003 నుంచి ఈ పద్ధతిలోనే తన లోపలి సంస్కృతిని మార్చుకునే ప్రయత్నం చేసింది.

మరణం, పొరపాటు ఎదురైనప్పుడు ఈ అభ్యాసాలు పనికొస్తాయా?

ఆ వెంటనే పనికిరావు. అప్పుడు కావలసింది వినే మనిషి. చికిత్సలో పొరపాటు జరిగినప్పుడు దాని దెబ్బ రోగి తర్వాత వైద్యుడి మీద కూడా పడుతుందని ఆల్బర్ట్ వు 2000లో రాసినప్పటి నుంచి దీని మీద చర్చ పెరిగింది. లండన్‌లో 1950లలో మైకేల్ బాలింట్ మొదలుపెట్టిన బృందాల్లో వైద్యులు తమను వేధించిన ఒక్కొక్క కేసును తోటివారి ముందు చెప్పుకుంటారు. బోస్టన్‌లో న్యాయవాది కెన్నెత్ ష్వార్ట్జ్ ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చికిత్స పొందుతూ, తనను మనిషిగా చూసిన సిబ్బంది విలువ గుర్తించి 1995లో నెలకొల్పిన సంస్థ నుంచి ‘ష్వార్ట్జ్ రౌండ్స్’ వచ్చాయి. వాటిలో రోగనిర్ధారణ గురించి కాకుండా, ఆ కేసు తమను ఎలా తాకిందో వైద్యులు, నర్సులు, ఇతర సిబ్బంది కలిసి మాట్లాడతారు. మన దగ్గర మరణాల సమీక్ష సమావేశాలు జరుగుతాయి, వాటి పని వేరు. నెలకు ఒక గంట, తప్పెవరిదన్న ప్రశ్న లేకుండా కూర్చోవడానికి హాలు, టీ తప్ప మరో ఖర్చు లేదు.

డ్యూటీ గంటలు తగ్గించకుండా ఇవన్నీ చెప్పడం మోసం కాదా?

అడగవలసిన ప్రశ్నే. ముప్పై ఆరు గంటలు నిద్ర లేకుండా పనిచేసిన పీజీకి మూడు మంచి విషయాలు రాయమని పుస్తకం చేతికివ్వడం, ఆ పుస్తకం మీద కూడా కోపం తెప్పించే పని. మనసు పూర్తిగా అలసిపోవడం, రోగిని వస్తువులా చూడటం, తన పని మీద తనకే నమ్మకం పోవడం అన్న మూడు లక్షణాలతో క్రిస్టినా మాస్లాక్ వర్ణించిన బర్నవుట్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ తన పదకొండో వ్యాధుల వర్గీకరణలో జబ్బుగా కాకుండా పని ప్రదేశానికి సంబంధించిన పరిస్థితిగానే పేర్కొన్నది. వైద్యుల బర్నవుట్ తగ్గించే ప్రయత్నాలను కలిపి విశ్లేషించి పనజియోటి బృందం 2017లో ప్రచురించిన సమీక్షలో, మొత్తం ప్రభావం చిన్నదే అయినా, వ్యక్తిని మార్చే కార్యక్రమాల కంటే సంస్థలో మార్పు తెచ్చే కార్యక్రమాలే ఎక్కువ ఫలితం ఇచ్చాయి.

జాతీయ వైద్య కమిషన్ కార్యదళం పీజీల పని వారానికి 74 గంటలు దాటకూడదని సిఫారసు చేసింది. మా వైఖరి ఏమిటంటే, డ్యూటీ రూమ్‌లో శుభ్రమైన మంచం, రాత్రి తినడానికి అన్నం, వారానికి ఒక సెలవు అన్నవి ముందు, అభ్యాసాలు తర్వాత. ఈ రెండింటిలో ఒకటి చేసి రెండోది చేశామని చెప్పే యాజమాన్యాన్ని విద్యార్థులు ప్రశ్నించడం సమంజసం.

నర్సులు, ఏఎన్ఎంలు, ఆశాలకు కూడా ఇది వర్తిస్తుందా?

వర్తిస్తుంది, పైగా వారికే ఎక్కువ అవసరం. వారు చేసిన పని కాగితం మీద అంకెగా మారుతుంది గానీ, ఎవరి పేరునా కనిపించదు. ఏటూరునాగారం వైపు ఒక గూడెం నుంచి గర్భిణిని ఒప్పించి, వాగు దాటించి ఆసుపత్రికి తెచ్చిన ఆశా కార్యకర్తకు, తర్వాత తల్లీబిడ్డా క్షేమమన్న కబురు చాలాసార్లు అందదు. ప్రసవం చేసినవారు ఆమెకు ఒక్క ఫోన్ చేసి చెప్పే అలవాటును హౌస్ సర్జన్లకు నేర్పితే, పని అర్థవంతమన్న భావన పెరుగుతుందని చెప్పడానికి ప్రత్యేక తరగతి అవసరం లేదు. రెండేళ్లకోసారి మేడారం జాతర వైద్య శిబిరాల్లో వైద్యులు, నర్సులు, ఏఎన్ఎంలు భుజం భుజం కలిపి పనిచేస్తారు. అది ముగిశాక లోపాల సమీక్షతో పాటు, ఏ ఏర్పాటు ఎవరి వల్ల బాగా నడిచిందో కూడా రాసిపెట్టుకుంటే తర్వాతి జాతరకు అదే పాఠం అవుతుంది.

ఆధారాలు ఎంత బలమైనవి?

మధ్యస్థం. బోలియర్ బృందం 2013లో 39 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, క్షేమభావన పెరగడంలోనూ కుంగుబాటు తగ్గడంలోనూ ప్రభావం ఉన్నా అది చిన్నదేనని తేలింది. రోచెస్టర్ విశ్వవిద్యాలయంలో క్రాస్నర్ బృందం 70 మంది ప్రాథమిక వైద్యులతో నడిపి 2009లో ప్రచురించిన కార్యక్రమంలో బర్నవుట్ తగ్గి సహానుభూతి పెరిగింది. కానీ పోల్చడానికి మరో బృందం లేదు. అంతకంటే నేర్పవలసిన ఉదంతం మరొకటి ఉంది. మంచి భావోద్వేగాలు చెడ్డవాటికి దాదాపు 2.9 రెట్లు ఉంటే మనిషి వికసిస్తాడని 2005లో గణిత సూత్రంతో సహా వచ్చిన ప్రతిపాదన ఎంతో ప్రచారం పొందింది. 2013లో బ్రౌన్, సోకల్, ఫ్రీడ్‌మన్‌లు ఆ గణితానికి ఆధారమే లేదని నిరూపించారు. ఇప్పటికీ కొందరు వక్తలు ‘మూడుకు ఒకటి’ అని స్లైడు చూపిస్తున్నారు. అలాంటి స్లైడు కనబడితే మిగిలిన ఉపన్యాసాన్ని కూడా జాగ్రత్తగా వినాలి.

ఫలితాన్ని ఎలా కొలవాలి?

పేర్లు లేకుండా, కార్యక్రమానికి ముందూ తర్వాతా, వీలైతే మరో బ్యాచ్‌తో పోల్చి కొలవాలి. బర్నవుట్‌కు మాస్లాక్ ప్రశ్నావళి, కుంగుబాటు లక్షణాలకు తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ ఉన్నాయి. రెండోదానిలో తనను తాను గాయపరచుకునే ఆలోచన గురించి ఒక ప్రశ్న ఉంటుంది కాబట్టి, పేరు చెప్పకుండానే సహాయం అందుకునే దారి అదే కాగితం మీద ముద్రించి ఉండాలి.

డిప్రెషన్‌లో ఉన్న విద్యార్థికి ఈ అభ్యాసాలు సరిపోతాయా?

సరిపోవు. రెండు వారాలకు పైగా దిగులు, నిద్రలేమి, దేని మీదా ఆసక్తి లేకపోవడం ఉంటే చికిత్స కావాలి. చనిపోవాలనే ఆలోచన వస్తే రెండు వారాలు ఆగకుండా ఆ రోజే సైకియాట్రిస్టును కలవాలి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416, ఏ వేళనైనా ఉచితంగా, తెలుగులో కూడా మాట్లాడవచ్చు. తన కళాశాల ఆసుపత్రిలోనే ఓపీ చీటీ రాయించుకోవడానికి విద్యార్థి వెనకాడటం సహజం. అక్కడ కూర్చునేది రేపు తనకు వైవా పెట్టే సారే కావచ్చు. అందుకే వేరే ఆసుపత్రికి పంపే ఏర్పాటు ముందుగానే చేసి, ఆ విషయం అందరికీ తెలియజేయాలి.

హాజరు తప్పనిసరి చేయాలా? మార్కులు ఇవ్వాలా?

చర్చలకు హాజరు పెట్టవచ్చు. స్వయంగా రాసుకునే అభ్యాసాలకు మాత్రం మార్కులు ఇవ్వకూడదు. ఇచ్చిన మరుక్షణం సీనియర్ల పాత పుస్తకాల నుంచి మంచి విషయాలు కాపీ అవుతాయి.